పెద్దది చేసి చూడండి

"ఏ మీట నొక్కమంటావయ్యా?" అని మామగారు నాలుగోసారి అడిగారు.

అతను నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు. మీట తెలియక కాదు. ఇరవై రెండేళ్ళుగా రోజుకు రెండొందల సార్లు నొక్కుతున్నదే. కానీ ఆ సంగతి తెలిసింది అతనికి కాదు, అతని ఎడమచేతి వేళ్ళకి. వాటికైనా కుడిచెయ్యి మౌస్ మీద ఉన్నప్పుడే గుర్తొస్తుంది. ఆ కుడిచెయ్యి మూడు వారాలుగా పిండికట్టులో ఉంది. జోడీ విడిపోయేసరికి ఎడమచెయ్యి కూడా అన్నీ మరిచిపోయి, పరాయి ఇంటికొచ్చిన చుట్టంలా బల్ల అంచున ముడుచుకుని కూర్చుంది.

"ఒక్క నిమిషం" అని పిండికట్టును మౌస్ ఉండే చోట ఆనించి, కళ్ళు మూసుకుని, ఎడమచేతి వేళ్ళను వాటి మానాన వదిలేశాడు. అవి మెల్లగా ఒక వైపుకి జరిగి ఆగాయి. కళ్ళు తెరిచి ఎక్కడ ఆగాయో చూశాడు.

"కింది వరసలో ఎడమ చివర నుంచి రెండోది. అది నొక్కిపట్టండి."

"ఎంతసేపు?"

"నేను వదలమనేదాకా, మామయ్యా."

మామగారు మీటతో పాటు ఊపిరి కూడా బిగపట్టారు.

ఆయన సర్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు నక్షాలు గీసి రిటైరైన మనిషి. డెబ్భై దాటినా చెయ్యి వణకదు. అల్లుడు వాననీళ్ళలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, "నాన్న ఉన్నాడుగా, నీది బాగయ్యేదాకా ఆయన చెయ్యి వాడుకో" అని భార్య అంది. ఏదో గొడుగు అరువిస్తున్నట్టు చెప్పింది. మామగారు మర్నాడే సంచి సర్దుకుని దిగిపోయారు. కాదనడానికి అతనికి నోరు రాలేదు. నోరు రాకపోవడానికి కారణం మర్యాదేనా అని తనను తాను అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ప్రెస్సుల్లో అందరూ అతన్ని డబ్బాలాయన అంటారు. సబ్బు డబ్బా, బిస్కెట్ డబ్బా, మాత్రల డబ్బా, ఏ అట్టను ఎక్కడ కొయ్యాలో ఎక్కడ మడవాలో గీసేది అతనే. జనం చింపి అవతల పారేసే వస్తువులు గీసి గీసి నలభై ఆరేళ్ళు వచ్చాయి. మూడేళ్ళ కిందట మాత్రం ఎవరూ పారెయ్యనిది ఒకటి మొదలుపెట్టాడు. పిల్లల పుస్తకం. పేజీ తెరిస్తే కాగితం ఇల్లు లేచి నిలబడుతుంది. పన్నెండు షీట్లు. వంటగది, కిటికీలు, బట్టలు ఆరేసిన డాబా, ఒక్కో పేజీ తెరిస్తే ఒక్కొక్కటీ లేస్తుంది. పదకొండు షీట్లు ప్రెస్సుకు వెళ్ళిపోయాయి. వాటి డైలు, అంటే అట్టను కోసే ఉక్కు అచ్చులు, తయారైపోయాయి. మిగిలింది పన్నెండోది. మెట్లు.

ఆ మెట్ల ఫైలు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి ప్రెస్సులో ఉండాలి. లేకపోతే మిషన్ బడిపుస్తకాల పనిలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ నాలుగు నెలలకు గాని తిరిగి చూడదు. పబ్లిషరమ్మ ఫోన్‌లో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "ఇది నేనిచ్చిన మూడో గడువు. ఇదీ తప్పారంటే మీ పుస్తకం పక్కన పెట్టేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

అలా మంగళవారం పొద్దున్న పాఠం మొదలైంది.

"దీన్ని లేయర్ అంటాం మామయ్యా. అంటే పొర. కొయ్యాల్సిన గీతలన్నీ ఒక పొర మీద, మడవాల్సినవి ఇంకో పొర మీద, రంగులు అన్నిటికన్నా కింద. ఒకదాని జోలికి పోయినప్పుడు మిగతావాటికి తాళం వేసెయ్యాలి."

"ట్రేసింగ్ పేపర్లన్నమాట. ఒకదాని మీద ఒకటి."

"అదే అదే" అన్నాడు అతను, ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అనుకుంటూ. ఆ సంతోషం నాలుగు నిమిషాలుంది.

"పోయింది" అన్నారు మామగారు.

"ఏం పోయింది?"

"గోడ. గోడ మొత్తం పోయింది. నేనేం ముట్టుకోలేదు."

"పోలేదు. ఆ పక్కన కన్ను బొమ్మ ఉంది చూడండి. దాన్ని నొక్కినట్టున్నారు. కన్ను మూసుకుంది."

"ఎవరి కన్ను?"

"పొర కన్ను, మామయ్యా."

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఆఫీసులో గోడ కనపడలేదంటే గోడ లేదనే అర్థం" అన్నారు.

అతనికి ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్నది ప్రెస్సులో కొత్తగా చేరిన కుర్రాడైతే రెండు మాటలు అనేసి టీ తాగి వచ్చేవాడు. మామగారిని ఏమంటాం? కోపమంతా 'మీరు'లోనూ 'అండి'లోనూ సర్దిపెట్టి మాట్లాడాలి. సాయంత్రానికి అతని దవడలు నొప్పెట్టాయి. మర్యాద ఒక కండరమని, తనకది బొత్తిగా అలవాటు తప్పిందని అతనికి అప్పుడే తెలిసింది.

తప్పు దిద్దడం దగ్గర ఇంకో తగాదా. చేసినదాన్ని వెనక్కి తీసే అండూ మీట ఆయన నొక్కరు. నొక్కమంటే మొహం పక్కకి తిప్పుకుంటారు.

"తప్పు చేస్తే బ్లేడుతో గీకేవాళ్ళం. మచ్చ ఉండేది. అది చూసి మర్నాడు జాగ్రత్తగా ఉండేవాళ్ళం. మచ్చ లేకుండా పోయే తప్పును నమ్మడం ఎలాగయ్యా?"

"నమ్మక్కర్లేదు. నొక్కితే చాలు."

ఆయన నొక్కలేదు. తప్పుగా పడిన గీత మీద తెల్లటి చదరం ఒకటి గీసి కప్పేశారు, నక్షా మీద తెల్ల రంగు పూసినట్టు. అలాంటి తెల్ల చదరాలు ఇరవై ఏడు లెక్కతేలాయి. కోతగీతల పొర మీద ఉన్న ప్రతి గీతా డై వాడికి కోతే అని, ఈ చదరాలన్నీ మెట్లలో ఇరవై ఏడు చిల్లులు పొడుస్తాయని వివరించేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది.

"కప్పెట్టింది కూడా కోస్తుందా?"

"కోస్తుంది."

"మరీ ఇంత చాదస్తం మిషనా?" అన్నారు మామగారు.

బుధవారం చెయ్యి సలుపు ఎక్కువైంది. అతను గది అవతల సోఫాలో వాలి, పిండికట్టును దిండు మీద పెట్టుకుని, అక్కడి నుంచే చెబుతూ వచ్చాడు. ఆ రోజు పని మెట్ల పక్కనుండే చేతిపట్టీ, దానికున్న ఒంపులు. సాఫ్ట్‌వేర్‌లో ఒంపు గీయడం నేర్పడానికి మామూలుగా నెల పడుతుంది. మామగారు గంటలో పట్టేశారు. చుక్క పెట్టడం, లాగడం, ఇంకో చుక్క పెట్టడం, ఎన్ని తక్కువ చుక్కలైతే ఒంపు అంత నునుపు. ఇది మాత్రం ఆయన ఎప్పటి నుంచో ఎరిగినట్టే చేశారు. అతను సోఫాలోంచి మెడ చాచి చూసి, ఏ వంకా దొరక్క, ఎందుకో మరింత చిరాకుపడ్డాడు.

"మెట్ల చివర్లు కనపడటం లేదయ్యా. చీమ తలకాయంత ఉన్నాయి."

"పెద్దది చేసి చూడండి మామయ్యా."

"ఎంత పెద్దది?"

"మీకు ఎంత కావాలంటే అంత."

"పనయ్యాక?"

"మళ్ళీ మామూలుగా చేసెయ్యండి."

"ఓ, అలాగా" అన్నారు మామగారు. ఆ గొంతులో మొట్టమొదటిసారి ధైర్యం వినిపించింది. ఆ తర్వాత రెండు గంటలు ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ నిశ్శబ్దానికి అతనికి కునుకు పట్టింది. అనుమానం పట్టాల్సింది.

గురువారం పొద్దున్న ఇంట్లో ప్రింటర్ మీద మెట్ల షీటు తీశారు. మామగారే కత్తితో కోశారు. కోత చూస్తే మిషన్ సిగ్గుపడాలి. కొలత కోసం, ముందే ప్రెస్సుకు వెళ్ళిన గోడ షీటు నమూనా ఒకటి బల్ల మీద ఉంది. ప్రతి మెట్టు నుంచీ వెనక్కి ఒక పట్టీ వెళ్ళి, గోడలో తనకోసం కోసిన గాటులో దూరాలి. పదమూడు మెట్లు, పదమూడు గాట్లు, గాటుకీ గాటుకీ మధ్య సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు.

మొదటి పట్టీ దూరింది. రెండోది బిగుసుకుంది. మూడోది అసలు గాటు దరిదాపుల్లో లేదు. అయిదో మెట్టు దగ్గరికొచ్చేసరికి మెట్లన్నీ ఒక పక్కకి ఒరిగి, ఎవరో వెనక నుంచి పిలిస్తే ఆగినట్టు నిలబడ్డాయి.

అతను కాగితాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. గీతలు కొన్ని వెంట్రుకలా ఉన్నాయి, కొన్ని తాడులా ఉన్నాయి. ఒక మెట్టు పదకొండున్నర, ఇంకోటి పన్నెండుం పావు.

"మామయ్యా, నిన్న వీటిని ఏం చేశారు?"

"నువ్వు చెప్పిందే చేశాను. ఒక్కో మెట్టునీ పెద్దది చేశాను. చివర్లు శుభ్రం చేశాను. మళ్ళీ మామూలుగా చేసేశాను."

"పెద్దది... అంటే మెట్టునే పెద్దది చేశారా?"

"మరి? నువ్వేగా అన్నావ్."

"నేనన్నది చూపు పెద్దది చెయ్యమని! బొమ్మని కాదు! భూతద్దం గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మీరు దగ్గరికి వెళతారు, బొమ్మ ఎక్కడున్నది అక్కడే, ఎంతున్నది అంతే!"

"అలా అయితే దగ్గరికి వెళ్ళమనాలి" అన్నారు మామగారు, ఏమాత్రం తొణకకుండా. "పెద్దది చెయ్యడం వేరు. మేం నక్షా గీసేటప్పుడు రెట్టింపు సైజులో గీసేవాళ్ళం. తర్వాత ఫొటో తీసి సగానికి తగ్గించేవాళ్ళం. తప్పులు కూడా సగం అయ్యేవి. నువ్వు చెప్పగానే, పర్లేదు, ఈ మిషన్‌కీ కాస్త బుద్ధుందనుకున్నాను."

"తగ్గించేటప్పుడు ఎంత తగ్గించారు?"

"కంటితో చూసి. ముందెంతుందో గుర్తుందిగా."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. కింద ఎవరో సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నారు. కొంప మునిగింది. అందులో తన మాట వాటా ఎంత, ఆయన చేతి వాటా ఎంత అని లెక్క వేసుకుంటే, వాటా ఎటు నుంచి పంచినా తనవైపే ఎక్కువ వచ్చింది. అది అన్నిటికన్నా మంట. ఇంకొకరిని తిట్టుకునే సుఖం కూడా లేకుండా పోయింది. బొమ్మను పెద్దా చిన్నా చేసేటప్పుడు గీతల మందం కూడా దానితోపాటు మారాలా వద్దా అని సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాలి. అదీ చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు, అడగాలని ఆయనకు తెలియదు.

"పాతది ఉంటుందిగా?" అన్నారు మామగారు వెనక నుంచి. "ఫైలు. నిన్నటికి ముందుది."

ఉండదు. ప్రెస్సులో చేరిన ప్రతి కుర్రాడికీ అతను చెప్పే మొదటి మాట, పని మొదలుపెట్టే ముందు ఫైలుకు కొత్త నంబరు వేసి సేవ్ చెయ్యమని. ఒకటి, రెండు, మూడు. పాతదాని మీద ఎప్పుడూ రాయొద్దని. సబ్బు డబ్బాలకు నలభై నంబర్లదాకా పోయిన సందర్భాలున్నాయి. ఈ మెట్లు మాత్రం మొదటి నుంచీ ఒకే ఫైలు. ఎందుకని అడిగితే ఇది నాది కదా అనేవాడేమో. నిన్న సాయంత్రం మామగారు బుద్ధిగా సేవ్ చేసి, బుద్ధిగా మూసేశారు. మూసిన ఫైలుకు అండూ ఉండదు.

"సరే. కొలతలు చెప్పు, మళ్ళీ గీద్దాం" అన్నారు మామగారు.

"కొలతలు లేవు."

"లేవంటే?"

"చూపుతో జరుపుకుంటూ వచ్చాను. ఇలా కొంచెం, అలా కొంచెం."

మామగారు అల్లుడి మొహంలోకి చూశారు. "నిన్న కంటితో తగ్గించానని ఇందాక నా మీద ఎగిరావు" అన్నారు. నొప్పించాలని కాదు, లెక్క అప్పజెప్పినట్టు. తర్వాత పాత క్యాలెండర్ కాగితం ఒకటి వెనక్కి తిప్పి, పెన్సిల్ తీశారు.

"గాట్లు పన్నెండు మిల్లీమీటర్ల దూరం. వాటి డై అయిపోయింది, ఇక మార్చలేం. కాబట్టి మెట్టు ఎత్తు పన్నెండు. లోతు?"

"అదీ పన్నెండే. ఎత్తూ లోతూ సమానంగా లేకపోతే పేజీ మూసినప్పుడు సర్దుకోదు."

"మెట్లు పదమూడు. పుస్తకం మూస్తే ఇవి ఎటు పడతాయి?"

అతను ఎడమచేత్తో చూపించాడు. పుస్తకం మూస్తుంటే మెట్లన్నీ చదునై ముందుకు సాగుతాయి, రెండు పేజీలు కలిసే నడుము దగ్గర నుంచి పేజీ అంచు వైపుకి.

"అయితే పైమెట్టు ఉన్న ఎత్తు పదమూడు పన్నెండ్లు. దాని లోతు ఇంకో పన్నెండు. పద్నాలుగు పన్నెండ్లు నూట అరవై ఎనిమిది. పేజీ ఎంత?"

అతను గోడ షీటు నమూనాను పక్కకి జరిపాడు.

"పేజీ వెడల్పు ఎంతయ్యా?"

"నూట అరవై అయిదు."

"మూడు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి" అన్నారు మామగారు. పెన్సిల్ కింద పెట్టారు. "నేను ముట్టుకోకముందు కూడా పొడుచుకొచ్చేవి."

ఫైలు వివరాలున్న గడి తెరపై ఓ మూల తెరిచే ఉంది. మామగారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగి చదివారు.

"ఈ ఫైలు మొదలై ఎనిమిది నెలలయింది. నీ చెయ్యి విరిగి మూడు వారాలేగా?"

"మధ్యలో వేరే పనులు వచ్చాయి మామయ్యా."

"వస్తాయి, వస్తాయి" అన్నారు ఆయన. ఇంకేమీ అనలేదు. ఇంకేదో అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఎదురు తిరగడానికి వీలుండేది.

ఎనిమిది నెలలు. పద్నాలుగు పన్నెండ్లు ఎంతో మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. లోకంలో ఉన్న అట్టలన్నింటికీ మడతలు లెక్కగట్టే మనిషి ఈ ఒక్క లెక్క వెయ్యలేదు. రోజూ ఫైలు తెరవడం, ఒక మెట్టును వెంట్రుకవాసి ఎడమకు జరపడం, ఇంకోదాన్ని కుడికి జరపడం, సరిగ్గా పైమెట్టు దగ్గరికి రాగానే దాహం వేసినట్టు లేచి వెళ్ళడం. అక్కడేదో కుదరదని తెలుసు. తెలుసని తెలియకుండా ఎనిమిది నెలలు చాలా జాగ్రత్తగా కాపాడుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే, వాననీళ్ళలో జారిపడ్డప్పుడు నొప్పికన్నా ముందు వచ్చింది ఒక తేలిక. హమ్మయ్య అన్నట్టు. ఆ సంగతి మాత్రం ఈ జన్మలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు.

"ఒక మెట్టు తీసేద్దాం" అన్నారు మామగారు. "పన్నెండు చాలు. పదమూడు పన్నెండ్లు నూట యాభై ఆరు. హాయిగా పడుతుంది."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"అవి పదమూడు, మామయ్యా. నేను లెక్కపెట్టాను."

"ఎక్కడ?"

చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో వాళ్ళుండే అద్దె వాటా మేడమీద ఉండేది. మెట్లు వీధిలోంచి నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళేవి. లోపల అమ్మా నాన్నా గొడవపడుతుంటే అతను వచ్చి పైమెట్టు మీద, తలుపుకు వీపు ఆనించి కూర్చునేవాడు. మాటలు వినపడకుండా మెట్లు లెక్కపెట్టేవాడు. కింద నుంచి పైకి, పై నుంచి కిందకి. ఎప్పుడు లెక్కపెట్టినా పదమూడే వచ్చేవి. ఆ ఇంట్లో మాట తప్పనిది అదొక్కటే.

మామగారు అంతా విన్నారు. జాలి మాట ఏదైనా అంటారేమోనని అతను ముందే చిరాకుపడి సిద్ధంగా ఉన్నాడు.

"పొడుచుకొచ్చింది మొదటిసారి సంచిలో పెట్టినప్పుడే విరుగుతుంది" అన్నారు మామగారు. "విరిగేది పైమెట్టే. నువ్వు తీస్తావా, పిల్లలు విరుస్తారా? అదే తేలాల్సింది."

"కింద మెట్టు తీద్దాం అయితే."

"గాట్లు నేల నుంచి మొదలవుతాయిగా? కింద తీస్తే మొత్తం గాల్లో వేలాడుతుంది. పోవాల్సింది పైదే." ఆయన పెన్సిల్ మొన చూసుకున్నారు. "నేను చేసింది కాదయ్యా ఈ లెక్క. అదంతే."

సాయంత్రం ఆసుపత్రి ల్యాబ్ నుంచి భార్య వచ్చేసరికి ఇద్దరూ చెరో గదిలో ఉన్నారు.

"ఏమైంది నాన్నా?" అంది.

"ఏం కాలేదమ్మా. మీ ఆయన ఒక మెట్టు దిగి రావడం లేదు."

ఆమె ఈ గదిలోకి తొంగి చూసింది. "నాన్న మీద అరిచావా?"

"అరవలేదు. మర్యాదగా మాట్లాడాను. నా దవడ పట్టుకుని చూడు, రాయిలా ఉంది."

"రేపు పన్నెండుకి కదా పంపాల్సింది?"

"అవును."

"పంపుతావా?"

అతను పిండికట్టు మీద ఊడిన దారం పీకుతూ కూర్చున్నాడు. ఆమె కాసేపు చూసి, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె ఏ ప్రశ్నా రెండోసారి అడిగిన పాపాన పోలేదు. మొదటిదాన్నే అక్కడ వదిలేసి పోతుంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు అతనే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ముందుగా ఫైలుకు కొత్త నంబరు వేసి సేవ్ చేశాడు. ఇరవై రెండేళ్ళు ఊరందరికీ చెప్పింది, తన పనికి మొదటిసారి చేశాడు. మామగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు, క్యాలెండర్ కాగితంతో.

"ఈసారి లాగొద్దు మామయ్యా. ఏదీ చేత్తో లాగొద్దు. మెట్టును పట్టుకుంటే పైన నాలుగు గడులు వస్తాయి. ఎంత పక్కనుంది, ఎంత పైనుంది, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు. అందులో అంకె వేస్తే అదే వెళ్ళి అక్కడ కూర్చుంటుంది."

"ఈ గడులు మంగళవారం కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

అతను అంకె వేశాడు. వేశాక ఆగిపోయాడు. ఎడమచేత్తో వేశాడు. అంకెలు వెయ్యడానికి ఒక చెయ్యి చాలు. ఈ మూడు వారాల్లో ఏ రోజైనా, ఎవరి సాయం లేకుండా, ఒక పూటలో అయిపోయే పని. మామగారికి ఆ సంగతి అప్పటికే అర్థమైపోయిందని ఆయన కిటికీ వైపు చూస్తున్న తీరులోనే తెలుస్తోంది. పెద్దమనిషి తరహా. అది చూస్తే మరీ ఒళ్ళు మండింది.

"చదవండి" అన్నాడు.

"మొదటి మెట్టు. ఎత్తు పన్నెండు. పట్టీ పొడుగు నూట నలభై నాలుగు."

"వేశాను."

"రెండోది. ఇరవై నాలుగు. నూట ముప్ఫై రెండు."

అలా పన్నెండు మెట్లు. చేతిపట్టీ ఒంపులు మాత్రం బుధవారం మామగారు గీసినవే. వాటిని ఆయనే మౌస్ పట్టుకుని కొత్త చివరకు అతికించారు. ఈసారి భూతద్దం గుర్తుతో దగ్గరికి వెళ్ళి, పనయ్యాక వెనక్కి వచ్చారు. "ఇదిగో, దగ్గరికి వెళుతున్నాను. ఇదిగో, వచ్చేశాను" అని ప్రతిసారీ పైకి చెప్పారు. అతను పళ్ళు బిగబట్టి విన్నాడు.

పదకొండుకి మళ్ళీ ప్రింటు తీసి కోసి మడిచారు. పన్నెండు పట్టీలూ పన్నెండు గాట్లలో దూరాయి. మూశారు, మూసుకుంది. తెరిచారు, మెట్లు లేచాయి. నిటారుగా, నవనవలాడుతూ, ఎనిమిది నెలల్లో ఒక్కసారీ లేవనంత శుభ్రంగా. పైన గోడలో పదమూడో గాటు ఖాళీగా, రెప్ప వాల్చిన కన్నులా ఉంది. గోడలోని తలుపు మెట్లకు ఒక మెట్టంత పైన ఉండిపోయింది.

ఇంకేం మిగల్లేదు. అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చాడు, ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోయినా పాడవకుండా. కోసినప్పుడు తెల్లంచు మిగలకుండా అంచుల్లో రంగును మూడు మిల్లీమీటర్లు బయటికి వదిలాడు. తెల్ల చదరాలు ఇంకేమైనా దాక్కున్నాయేమోనని పొరలన్నీ వెతికితే ఒకటి దొరికింది. మామగారు సీలింగు వైపు చూశారు. పదకొండు నలభై రెండుకి ఫైలు వెళ్ళిపోయింది.

పదకొండు యాభై అయిదుకి ఫోన్ మోగింది. ప్రెస్సు ఫోర్‌మన్.

"గురువుగారూ, ఫైలు వచ్చిందండి. మల్లెపువ్వులా ఉంది, ఎప్పుడూ ఇంత శుభ్రంగా పంపలేదు మీరు. ఒక్కటే డౌటు. గోడకి పదమూడు గాట్లున్నాయి, మెట్లేమో పన్నెండే. పైది పెట్టడం మర్చిపోయారా?"

అతను మడిచిన నమూనాను మూసి మళ్ళీ తెరిచాడు.

"మీరేం కంగారుపడకండి. పబ్లిషరమ్మకి నేను సర్దిచెబుతాను. బడిపుస్తకాల కాగితం ఇంకా దిగలేదు, సోమవారం దాకా మిషన్ ఖాళీయే. మూడు రోజులు తీసుకోండి. నింపాదిగా చూసుకుని పంపండి."

మూడు రోజులు. ఛాతీలో ఏదో మెత్తగా వదులైంది. ఆ వదులును అతను గుర్తుపట్టాడు. వాననీళ్ళలో, కింద పడి ఉండగా, నొప్పి మొదలవ్వకముందు వచ్చింది ఇదే.

"మర్చిపోలేదు" అన్నాడు. "పన్నెండే."

"మరి ఆ గాటు?"

"ఖాళీగా ఉంటుంది."

"తలుపు గాల్లో ఉన్నట్టుంది కదండీ. పిల్లలు అడుగుతారేమో."

"అడగనివ్వండి. డై వాడు అక్కడే ఉన్నాడా?"

"ఇక్కడే టీ తాగుతున్నాడండి."

"ఫైలు ఇప్పుడే ఇచ్చెయ్యండి. టీ అయ్యేదాకా కూడా ఆగొద్దు. ఇంకో మాట. సాయంత్రంలోగా నేను ఫోన్ చేస్తాను, ఆపమంటాను, చిన్న మార్పు ఉందంటాను. బతిమాలతాను కూడా. ఆపకండి."

"అదేంటి సార్, అలాగంటారు..."

"ఆపకండంతే" అని పెట్టేశాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి రెండు నిమిషాలు దాని వైపే చూశాడు. ఎడమచెయ్యి దానంతటదే అటు జరిగింది. మామగారు లేచి, ఫోన్ తీసి తన చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నారు.